సింగపూర్ నుంచి వచ్చిన కారు

మా నాన్నకి బెజవాడ వన్ టౌన్‌లో ఇత్తడి, స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉండేది. ఎవరు ఏ గిన్నె తెచ్చినా వేలితో కొట్టి, చప్పుడు విని, అడుగున గోటితో గీకి చూస్తే గానీ బేరం మొదలుపెట్టేవాడు కాదు. ఆ అలవాటు గిన్నెల దగ్గర ఆగి ఉంటే బాగుండేది. పాలు పలచగా ఉంటే ఎవరైనా అనుమానిస్తారు. మా నాన్న పాలు చిక్కగా ఉన్న రోజున కూడా, "ఏం కలిపాడో చూడు" అనేవాడు అమ్మతో.

తొంభైల చివర్లో ఆయన కారు కొనాలనుకున్నాడు. భవానీపురంలో మా ఇంటి నుంచి కొట్టుకి స్కూటరు మీద వెళ్ళొచ్చేసరికి నడుం పట్టేస్తోంది. నాన్నకి డ్రైవింగ్ రాదు. నాకు డిగ్రీ అయిపోయి, డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని, లైసెన్సు కూడా వచ్చింది. డ్రైవర్ని పెట్టుకుంటే పెట్రోలు తీసి అమ్ముకుంటాడని నాన్న భయం. అందుకని నేనే నడపాలని తీర్మానమైంది.

అప్పటికి మన దేశంలో తయారయ్యే కార్లయితే వీధివీధికీ కనిపించేవి. విదేశాల్లో తయారైన కారు వస్తే మాత్రం జనం ఆగి చూసేవాళ్ళు. మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, అలా ఆగి చూసేవాళ్ళలో మొదటివాడు. ఉయ్యూరులో ఉంటూ రోజూ బస్సులో బెజవాడ ఆఫీసుకి వచ్చేవాడు. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి కబురు చెప్పాడు.

"బావా, మంచి బండి ఒకటి ఉంది. సింగపూర్‌లో పనిచేసి రిటైరైన ఇంజినీరు గారిది. జపాన్‌లో తయారైంది. ఆయన వచ్చేటప్పుడు ఓడలో వేయించి తెచ్చుకున్నారు. మన దేశపు కొత్త బండి పడే ధరకే ఇస్తానంటున్నారు."

"అంత మంచిదైతే ఎందుకు అమ్ముతున్నాడు?"

"చూపు తగ్గిపోతోందట. నడపలేకపోతున్నారు."

మామయ్య వెళ్ళాక నాన్న అమ్మతో, "కళ్ళు కనపడనివాడు కారు ధర మాత్రం బాగానే చూసుకున్నాడు" అన్నాడు.

ఆదివారం నాన్న, మామయ్య, నేను వెళ్ళాం. ఇంజినీరు గారు పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. ఆయన కూతురు కాఫీ తెస్తే ఆయనే కప్పులు తీసి మాకు అందించారు. షెడ్డులో కారు నీలంగా మెరుస్తోంది. నాన్న ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు, మేం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారేమోనని. చల్లగానే ఉంది. దానికి కూడా ఆయన ముఖం తేటపడలేదు.

"కొండపల్లి దాకా వెళ్ళి రండి" అంటూ ఇంజినీరు గారు తాళాలు నా చేతిలో పెట్టారు. "తొందరేం లేదు. సాయంత్రం తెచ్చినా పర్వాలేదు."

గొల్లపూడి దాటాక కారు నీళ్ళ మీద పడవలా పోతోంది. ఇబ్రహీంపట్నం దగ్గర రోడ్డు నిండా గుంతలు. థర్మల్ స్టేషన్ లారీలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అయినా లోపల మా మాటలు మాకు వినిపిస్తున్నాయి. నేను అంత హాయిగా ఏ బండీ నడపలేదు. వెనక సీట్లో మామయ్య మురిసిపోతున్నాడు. నాన్న మాత్రం ముందుకు వంగి చెవులు రిక్కించి కూర్చున్నాడు.

"ఇంజను చప్పుడే రావట్లేదేంటి?"

"అదే కదా బావా గొప్ప."

"రోగం ఉన్న చోట చప్పుడుండాలి కదా. ఏమీ వినపడకపోతే ఎలా తెలుస్తుంది?"

తిరిగొచ్చేటప్పుడు కూడా ఆయనకి అదే ఆలోచన. ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి తాళాలిచ్చి సాయంత్రం తెమ్మన్నాడంటే ఏదో ఉంది. కాఫీ చుక్క ఒలకకుండా అందించినవాడికి చూపు ఆనకపోవడమేంటి?

మర్నాడు నాన్న తనకు తెలిసిన మెకానిక్‌ని పంపాడు. అతను చూసొచ్చి, "బండి బానే ఉందండీ. కానీ ఏదన్నా పోతే సామాను ఇక్కడ దొరకదు. మద్రాసో బొంబాయో పోవాలి. మన బండయితే మన సందులోనే బాగైపోద్ది" అన్నాడు. అతను వెళ్ళాక నాన్న, "వీడికి మన దేశపు బండ్లు రిపేరుకి వస్తేనే లాభం. వీడి మాటేం నమ్ముతాం" అన్నాడు. బాగుందన్న మాటా నమ్మలేదు, సామాను దొరకదన్న మాటా నమ్మలేదు.

ఆ వారం మామయ్య వచ్చి, "ఏం ఆలోచించావు బావా? ఆయన అడుగుతున్నారు" అన్నాడు.

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఇందులో నీకెంత ముడుతుంది?"

మామయ్య చేతిలో టీ గ్లాసుంది. దాన్ని కింద పెట్టాడు. లేచి, "వస్తానక్కా" అని అమ్మతో మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మ గేటు దాకా వెళ్ళింది. తిరిగొచ్చి మామయ్య వదిలేసిన టీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాన్న చివరికి మన దేశపు కారే కొన్నాడు. కొత్తది. షోరూములో దాని చుట్టూ తిరిగి, తలుపు అంచున ఒక చిన్న గీత కనిపెట్టి, ఇది ఎవరో తీసుకుని వెనక్కిచ్చిన బండి అని వాదించాడు. ఇంకోటి తీయించాడు. దాని రంగు మొదటిదానికంటే వెలిసినట్టుందని ఇంటికొచ్చేదాకా సణిగాడు. అమ్మ ఆ కారు ఎక్కలేదు. ఉయ్యూరు వెళ్ళాల్సివస్తే బస్‌స్టాండుకి రిక్షాలో పోయేది. మామయ్య మా గడప తొక్కడం మానేశాడు.

ఏడాది దాటింది. ఒక సాయంత్రం నాన్నని తీసుకురావడానికి నేను కొట్టుకి వెళ్ళేసరికి, లోపల ఒక పెద్దాయన కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంజినీరు గారే. బాగా చిక్కిపోయారు. కూతురు చూపించిన ఇత్తడి బిందెని రెండు చేతులతో తడిమి, అంచు చుట్టూ వేళ్ళు పోనిచ్చి చూస్తున్నారు. నాన్న ఎదురుగా ఉన్నా ఆయన పోల్చుకోలేదు.

నాన్న ఆయన్నే చూస్తున్నాడు. ఆయన తీసి బల్ల మీద పెట్టిన బిందె మూతని చప్పుడు కాకుండా పక్కకి జరిపాడు. నేను చూశాను. ఇంజినీరు గారు మూత కోసం చెయ్యి చాపారు. ఆ చెయ్యి ఖాళీ బల్ల మీద అటూ ఇటూ వెతికింది. నాన్న మూత తీసి ఆయన చేతికందించాడు.

"ఇదిగోండి."

ఆ గొంతు విని ఇంజినీరు గారు తలెత్తారు. "మీరు మా కారు చూడ్డానికి వచ్చినవారు కదండీ?"

"అవునండీ. కారేం చేశారు?"

"ఏలూరులో ఒకాయన తీసుకున్నారు. బాగా చూసుకుంటున్నారట."

వాళ్ళు వెళ్ళాక నాన్న గల్లాపెట్టెకి తాళం వేశాడు. తర్వాత కొట్టు కట్టేయమని గుమాస్తాకి చెప్పి, "ఉయ్యూరు పోనీ" అన్నాడు నాతో. కంకిపాడులో ఆపించి అరటిపళ్ళు కొన్నాడు.

మామయ్య వరండాలో ఉన్నాడు. లేచి కుర్చీ వేశాడు. నాన్న కూర్చుని, "ఆయనకి నిజంగానే చూపు పోయిందిరా" అన్నాడు.

"తెలుసు బావా."

"నేను నిన్ను అనకూడని మాట అన్నాను."

మామయ్య పళ్ళ సంచీ పక్కన పెట్టాడు. "అనకూడనిదేం కాదు. ఆయన నాకు ఎంతో కొంత ఇస్తానన్నారు. నేను వద్దన్నాను. ఇప్పుడు చెప్తే నమ్ముతావా?"

నాన్న వెంటనే జవాబివ్వలేదు. ఆ కాస్త ఆలస్యాన్ని మేం ముగ్గురం గమనించాం.

"నమ్ముతాను" అన్నాడు.

మామయ్య మళ్ళీ మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అమ్మ కారెక్కింది. నాన్న నిజంగా నమ్మాడో లేదో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు.

కొన్నేళ్ళకి, రెండువేల సంవత్సరం దాటాక, ఆ బండి మార్చాల్సి వచ్చింది. అప్పటికి బయటి దేశాల కంపెనీలే మద్రాసు పక్కన ఫ్యాక్టరీలు పెట్టాయి. ఏది మన బండో ఏది వాళ్ళదో చెప్పడం కష్టంగా ఉండేది. ఈసారి నాన్న తను వెళ్ళకుండా, "నువ్వే చూసి ఖాయం చేసిరా" అని మామయ్యకి చెప్పాడు.

మామయ్య బయల్దేరుతూ నన్ను గేటు దగ్గరకి పిలిచాడు. "మీ నాన్న నా వెనకాల ఇంకెవరినైనా పంపుతున్నాడా?"

లేదన్నాను. నా మాట ఆయన నమ్మినట్టు లేదు.