కొక్కెం పక్కన గాడి

మెట్ల కింద మూడడుగుల చోటు. అందులో ఒక బల్ల, బల్ల మీద నల్లటి గీటురాయి, మూత బిగించిన యాసిడ్ సీసాలు రెండు, మేలిమి ఎంతో ముందే తెలిసిన బంగారు పుల్లలు నాలుగు, ఒక భూతద్దం. గీటమ్మ ఆస్తి మొత్తం ఇంతే. తండ్రి పోయాక నగల కొట్టు అన్నకు, త్రాసు తమ్ముడికి వెళ్ళాయి. "నీకేం కావాలే?" అంటే ఆమె రాయి చాలంది. పిచ్చిదని నవ్వుకున్నారు. పదేళ్ల వయసు నుంచీ తండ్రి పక్కన కూర్చుని ప్రతి నగనూ గీసి చూసింది తన చెల్లెలేనని, కొట్టుకి ఉన్న పేరంతా ఆ చూపుదేనని అన్నకు తట్టలేదు. ఆ కొట్టు మూడేళ్లకే మూతపడింది. గీటమ్మ ముప్పై రెండేళ్లుగా అదే మెట్ల కింద గీస్తూనే ఉంది.

ఆమె దగ్గరికి షావుకార్లు రారు. చెత్త ఏరేవాళ్లు, కాలవలు తీసేవాళ్లు, పాత బట్టలు కొనేవాళ్లు వస్తారు. పాత కోటు జేబులో దొరికిన ఉంగరమో, బురదలో తేలిన చెవిపోగో పట్టుకుని పెద్ద కొట్టుకు వెళ్తే వాళ్లకు రెండే మాటలు వినబడతాయి: "గిల్టుది, పారెయ్." లేదంటే, "ఎక్కడ కొట్టేశావ్?" గీటమ్మ మాత్రం ముందు, "ఎక్కడ దొరికింది? పోగొట్టుకున్నవాళ్ల కోసం అడిగావా?" అంటుంది. ఆ తర్వాతే రాయి తీస్తుంది.

చూసి ఊరుకోదు, చూడటం నేర్పుతుంది కూడా. "916 అంటే వెయ్యి పాళ్లలో తొమ్మిదివందల పదహారు పాళ్లు బంగారం. 750 అంటే ముప్పావు వంతు. 375 అయితే సగం కూడా లేదు, మిగతాది రాగీ వెండీ ఏదైనా కావచ్చు. జీపీ అని ఉంటే ఉత్త పూత. ఇంకో మాట, అంకె ఎక్కడ కొట్టారో ఆ ముక్కకే అది పూచీ. పెళ్లికొడుకు చొక్కా చూసి ఇంటినిండా ధాన్యం ఉందనుకోకండి!"

ఒక మధ్యాహ్నం ఆస్పత్రిలో వార్డులు తుడిచే మనిషి పరుగున వచ్చింది. రొప్పుతోంది.

"అక్కా, నా ఉద్యోగం పోయేలా ఉంది."

"ముందు కూర్చో. నీళ్లు తాగి చెప్పు."

మొన్న స్నానాల గదిలో ఆమెకు ఒక గొలుసు దొరికింది. తిన్నగా ఆఫీసులో ఇచ్చింది. గుమాస్తా కొక్కెం మీద ముద్ర చూసి, రిజిస్టరులో '916 బంగారు గొలుసు' అని రాసుకున్నాడు. అది వార్డులో ఉన్న ముసలావిడది. ఇవాళ ఆవిడ కొడుకు దాన్ని తీసుకుని, తెగేలా ఉందని బాగుచేయించడానికి కొట్టుకు వెళ్తే గొలుసు గిల్టని తేలింది. ఇంకేముంది, బంగారంది కాజేసి ఇత్తడిది పెట్టిందన్నారు.

"అందరి ముందూ నా సంచి దులిపారక్కా. అన్నం డబ్బా కూడా మూత తీసి చూశారు. సాయంత్రంలోగా తేలకపోతే రేపట్నుంచి రావద్దన్నారు."

చేతిలో చీపురున్న మనిషి దగ్గర బంగారం కనబడితే దొంగతనం, ఇత్తడి కనబడితే మోసం. ఆ రిజిస్టరు రాసిన గుమాస్తా సంచి మాత్రం ఎవరూ దులపలేదు. గీటమ్మ రాయిని గుడ్డలో చుట్టి, సీసాలు డబ్బాలో పెట్టి లేచింది.

ఆఫీసు గదిలో సూపరింటెండెంటు, గుమాస్తా, కొడుకు ఉన్నారు. గోడవార చక్రాల కుర్చీలో ముసలావిడ కూర్చుని ఉంది. తుడిచే మనిషి గుమ్మం దగ్గరే ఆగింది.

"పెద్ద కొట్టువాళ్లే గిల్టన్నారు. నువ్వొచ్చి బంగారం చేస్తావా?" అన్నాడు సూపరింటెండెంటు.

"అంత విద్యే ఉంటే మెట్ల కింద ఎందుకుంటాను బాబూ? వాళ్లు చెప్పింది నిజమేనేమో. కానీ మీరు అడగాల్సింది అడగలేదు. ఓసారి ఇటివ్వండి."

ముందు కొక్కేన్ని గీసింది. పక్కన తన పుల్లతో మరో గీత. రెండింటి మీదా చెరో చుక్క యాసిడ్ వేసింది. రెండు గీతలూ చెక్కుచెదరలేదు. తర్వాత గొలుసును, పూత అరిగిపోయిన చోట గీసింది. చుక్క పడగానే ఆ గీత బుసబుసమని మాయమైంది.

"కొక్కెం మేలిమిది. గొలుసు ఇత్తడి."

"చెప్పానా!" కొడుకు గొంతు లేచింది. "మార్చేసిందండీ!"

"ఆగు నాయనా, నేనింకా పూర్తి చెయ్యలేదు."

భూతద్దం పెట్టుకుని కొక్కేనికీ గొలుసు చివరి కడియానికీ మధ్య చాలాసేపు చూసింది. ఆ గదిలో ఒక మనిషి కూలి, పరువు ఆ రెండు ముక్కల మధ్య చిక్కుకుని ఉన్నాయని ఆమెకు తెలుసు. అందుకే తొందరపడలేదు. చివరికి భూతద్దం గుమాస్తా చేతికిచ్చింది.

"మీరే చూడండి. కొక్కెం రింగులో లోతుగా గాడి పడింది. ఈ కడియం అందులో అచ్చుపోసినట్టు కూర్చుంటుంది. కడియం కూడా అక్కడే సగానికి అరిగింది. కోసి అతికిన కొత్త గుర్తు ఎక్కడా లేదు, సందుల్లో సబ్బు మడ్డి గట్టిపడిపోయి ఉంది. ఈ రెండూ ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి రాసుకున్నాయి. మొన్న మార్చిన గొలుసైతే ఈ రెండు రోజుల్లోనే ఇంత గాడి పడుతుందా?"

గుమాస్తా చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. "పడదండీ," అన్నాడు.

"అయితే మా అమ్మ గొలుసు ఏమైనట్టు?" అన్నాడు కొడుకు.

"నేనే మార్పించాను," అంది ముసలావిడ. అందరూ అటు తిరిగారు. "ఎప్పుడో. ముద్ర కనబడుతుంది కదా, ఎవరూ అడగరని కొక్కెం ఒక్కటీ ఉంచుకున్నాను. ఇందాకే చెబుదామనుకున్నా. నోరు రాలేదురా. పాపం ఆ పిల్లని..."

కొడుకు ఏదో అడగబోయాడు. గీటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మ మెడ, అమ్మ గొలుసు. అది అమ్మ ఇష్టం. నువ్వు మాట్లాడాల్సింది ఈ మనిషితో."

అతను తల వంచుకుని, "తప్పైపోయిందమ్మా," అన్నాడు.

సూపరింటెండెంటు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "సరేలే, తేలిపోయింది కదా. వెళ్లి పని చూసుకో."

"ఎక్కడ తేలింది?" అంది గీటమ్మ. "మీ రిజిస్టరులో ఇంకా బంగారు గొలుసనే ఉంది. రేపు ఇంకొకరు వచ్చి అది తిరగేస్తే మళ్లీ ఈమెనే పిలుస్తారు. అక్కడే, ఆ వాక్యం కిందే రాయండి: కొక్కెం మాత్రమే 916 అని, గొలుసు దొరికినప్పటికే ఇత్తడిదని, దొరికింది దొరికినట్టే ఈమె అప్పగించిందని."

గుమాస్తా రాశాడు. సూపరింటెండెంటు సంతకం పెట్టాడు. కానీ తుడిచే మనిషి కదల్లేదు.

"సంచి వరండాలో దులిపారు సార్. ఇది కూడా వరండాలోనే చదవండి."

గీటమ్మ తల తిప్పి ఆమెను చూసింది. ఈ మాట తనకు తట్టలేదు.

వరండాలో ఆయాలు, తుడిచేవాళ్లు, మందుల కోసం నిలబడ్డ జనం ఉన్నారు. సూపరింటెండెంటు రిజిస్టరు పట్టుకుని గొణిగినట్టు చదివాడు.

"వెనకవాళ్లకి వినబడలేదు సార్," అంది ఒక ఆయా. "ఇందాక తిట్టినప్పుడు బాగానే వినబడింది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. రెండోసారి చదివినప్పుడు వార్డు చివరి మంచందాకా వినబడింది.