మా షడ్డకుడి బండి

ఆ బండిని ముందు చూసింది నేను. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

చిత్తూరు ఊరి చివర ఒక పెంకుటింటి వెనక, మామిడిచెట్టు కింద నిలబెట్టి ఉంది. రాళ్ళనీ ఖనిజాలనీ వెతికే ఉద్యోగం చేసిన ఒక పెద్దాయన అందులో కొండలూ అడవులూ తిరిగేవాడట. చీకటి పడితే అందులోనే వండుకుని అందులోనే పడుకునేవాడట. ముందు చక్రాలూ వెనక చక్రాలూ కలిసి లాగే వ్యాను, ఏటి ఇసుకలో దించినా ఎక్కి వస్తుంది. లోపల ఒక బల్ల, పొయ్యికి ఒక గూడు, చెయ్యి కడుక్కునే చిన్న తొట్టి. ఆయన పోయాక ఎవరూ కదిలించలేదు. టాపు మీద ఆకులు కుళ్ళి తుప్పు బొబ్బలెక్కింది, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి.

నాకు తిరుపతిలో స్టీలు పాత్రల అంగడి ఉంది, దాని మీది మిద్దెలోనే కాపురం. పొద్దున షట్టరెత్తి రాత్రి షట్టరు దించే మనిషిని. మధ్యలో కనిపించేది ఎదురంగడి షట్టరు. అలాంటివాడికి చక్రాల మీద తిరిగే ఇల్లు కనబడితే ఏమవుతుందో అదే అయింది, మనసు పడింది. కానీ మనసు పడ్డట్టు ముఖంలో తెలియకూడదు. అది మా నాయన నేర్పిన మొదటి పాఠం.

మా నాయనది చిత్తూరులో బెల్లం మండీ. కొనదలచుకున్న సరుకును నేరుగా చూడకూడదనేవాడు. ధర చెప్పగానే నవ్వాలి. తర్వాత లేచి నడవాలి. విద్యంతా ఆ నడకలో ఉంది. గబగబా పోతే నిజంగానే పోతున్నాడనుకుంటారు, మరీ మెల్లగా పోతే ఆశ బయటపడుతుంది. పక్కన ఒక మనిషి ఉండాలి, 'పద, మనకెందుకీ తలనొప్పి' అని మోచెయ్యి పట్టి లాగడానికి. ఆ పని మా చిన్నాన్న చేసేవాడు. ఇద్దరూ వీధి చివర టీ అంగడి దాకా పోయి నిలబడితే, అమ్మేవాడు మనిషిని పంపి పిలిపించుకునేవాడు. మా నాయనకు రెండో టీ చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

బండి బేరానికి లాగే మనిషిగా మా షడ్డకుణ్ణి తీసుకుపోయాను. నా భార్య చెల్లెలి మొగుడు. ఏర్పేడు దగ్గర ఒక కాలేజీలో కరెంటు పని చూస్తాడు. నోట్లో మాట లేని మనిషి, కూరగాయల బండి దగ్గర కూడా చెప్పినంతా ఇచ్చి దండం పెట్టి వస్తాడు. దారి పొడుగునా అతనికి తర్ఫీదు ఇచ్చాను. ఎక్కడ గడియారం చూసుకోవాలో, ఎప్పుడు విసుక్కోవాలో, ఎంత గట్టిగా లాగాలో.

ఆ పెద్దాయన భార్య మాకు కాఫీ ఇచ్చి ధర చెప్పింది. తక్కువే చెప్పింది. తక్కువ చెప్పేసరికి ఇంకా తక్కువకు వస్తుందనిపించింది. అంగట్లో పుట్టినవాడి జబ్బు ఇది. నవ్వాను. తుప్పు చూపించాను. ఎలుకలు కొరికిన సీట్లు చూపించాను. ఆమె అన్నిటికీ "నిజమే నాయనా" అంది. ప్రతిదానికీ ఒప్పుకునే మనిషితో బేరం ఎలా ఆడాలో మా నాయన చెప్పి పోలేదు.

సైగ చేశాను. షడ్డకుడు నన్ను మెప్పించాలని కాబోలు, చెప్పినదానికంటే గట్టిగా లాగాడు. నడిచాం. గేటు దాటాం. ఎవరూ పిలవలేదు. టీ అంగట్లో ఒక టీ అయింది. గేటు మీద నుంచి చూపు తిప్పకుండా రెండో టీ చెప్పాను. అప్పుడు ఆమె బయటికి వచ్చింది. నా ప్రాణం కుదుటపడింది. ఆమె మా వైపు చూసి, పోయి రండి అన్నట్టు చెయ్యి ఊపి, గేటు గడియ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె జన్మలో ఎప్పుడూ అంగట్లో కూర్చోలేదు. పోయేవాణ్ణి వెనక్కి పిలవాలని ఆమెకు తెలియదు.

కొన్నాళ్ళు నాననిద్దాం, దారికొస్తుంది అన్నాను. షడ్డకుడు తలూపాడు.

నేను నానబెడుతుండగానే మరదలి దగ్గర నుంచి ఫోను వచ్చింది, బండి వచ్చింది చూద్దురు రండి అని. ఏ బండి అని అడగలేదు. అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. పోయి చూస్తే ఏర్పేడులో వాళ్ళింటి ముందు, బట్టలారేసే తీగ కింద, నా బండి నిలబడి ఉంది. మా షడ్డకుడు దాని పక్కన తడిగుడ్డతో, కొత్తగా బిడ్డ పుట్టినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఇదేం పని?" అన్నాను.

"నీకు వద్దనుకున్నానన్నా."

"నేనెప్పుడు వద్దన్నా?"

"నువ్వే కదన్నా నన్ను లాక్కోని పొమ్మనింది. ఆయమ్మ మళ్ళా ఫోను చేసినాది, మీ అన్నకు కాఫీ నచ్చలేదా అని. నాకు శానా సిగ్గనిపించినాది. సెప్పిన దుడ్డు ఇచ్చేసినా."

చెప్పిన దుడ్డు. ఆ మాట నాకు ఎలుక కొరికినట్టు తగిలింది. మా రెండు కుటుంబాల్లో ఎవరింట పెళ్ళి జరిగినా పట్టుచీరల దగ్గర నుంచి వంటపాత్రల దాకా బేరానికి నన్ను తీసుకుపోతారు. ఇన్నేళ్ళలో చెప్పిన ధరకు కొన్న వస్తువు మా వాళ్ళ ఇళ్ళలో లేదు. అలాంటిది నా కంటికి నచ్చిన ఒకే ఒక్క వస్తువు చెప్పిన ధరకు పోయింది, అదీ వేరేవాడికి.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఏర్పేడు పోవడం మొదలుపెట్టాను. మరదలికి జ్వరమని ఒకసారి, పనసపండు ఇచ్చి రావాలని ఒకసారి. అసలు పని బండిలో తప్పులు వెతకడం. మొదట్లో దండిగా దొరికేవి. కింది రేకు కాలు పెడితే దిగబడేది. షడ్డకుడు దాన్ని కోసి తీసేసి, టింకరింగ్ తెలిసిన స్నేహితుణ్ణి పిలిచి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించాడు. ఇనప బ్రష్షుతో తుప్పంతా గీకి ఎర్ర ప్రైమరు పూశాడు. ఆ రంగులో బండి అమ్మవారు పోసినట్టుంది. ఆ మాట పైకే అన్నాను. అతను నవ్వాడు. తర్వాతి నెలలో దాని మీద లేత పచ్చరంగు వేశాడు, పక్కలకు తెల్లగీత. నేను వంగి టైర్లు చూడటం మొదలుపెట్టాను.

లోపల మడిచి గోడకు ఆనించే మంచం చేశాడు. అతను పడుకుని చూస్తే కాళ్ళు బయటికి వచ్చాయి. ఆ సంతోషానికి ఆ ఆదివారం నేను తిన్నంత అన్నం ఇంకెప్పుడూ తినలేదని మరదలు ఇప్పటికీ అంటుంది. మరుసటి వారానికి అతను పక్క అల్మారాకు కన్నం కోసి కాళ్ళు అందులోకి చాపుకునేలా చేశాడు. పైగా చలికాలం కాళ్ళకు వెచ్చగా ఉంటుందన్నాడు. టాపు మీద సోలారు పలక, సీటు కింద బ్యాటరీ, ఒక చిన్న ఫ్యాను, రెండు బుడ్డి లైట్లు, నీళ్ళకు మోటారు. తొట్టి మీద కొళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. మా అంగట్లో కొళాయి వాచరు పోయి కారుతూనే ఉంది.

అన్నిటికంటే నన్ను తిన్నది తెరలు. ఒక రోజు అంగడి మూసి మిద్దెక్కేసరికి నా భార్య మిషను మీద నీలం గుడ్డ కుడుతూ ఉంది. ఆ గుడ్డ నేను నగరిలో గంటసేపు బేరమాడి తెచ్చినది, మా కిటికీలకని.

"మన తెరలేనా?" అన్నాను ఆశగా.

"బండికి," అంది ఆమె. "మన కిటికీలో ఏముండాది సూడను? ఎదురంగడి షట్టరు. బండి కిటికీలో పులికాట్ పిట్టలు కనబడతాయి. చలికాలానికి అందరం పోదామని సెప్పినాడు ఆ అబ్బోడు. నువ్వు ఎన్నాళ్ళ నుంచి సెప్తా ఉండావు నాకు?"

చాలా ఏళ్ళ నుంచి చెబుతున్నాను. సీజను తగ్గాక పోదామని. అంగడికి సీజను తగ్గదు.

బండి నాలుగు చక్రాలతో లాగుతుందా లేదా అన్నది మాత్రం తేలలేదు. ముందు చక్రాలకు బలం ఇచ్చే చిన్న గేరు రాడ్డు బిగుసుకుపోయి ఉంది. అది ఊడి రాదని నేను ఎంతో ధైర్యంగా ఉన్నాను. అతను కిందికి దూరి విప్పి, కిరోసినులో కడిగి, బేరింగులు మార్చి, గ్రీజు పట్టించి బిగించాడు. పరీక్షకు స్వర్ణముఖి ఇసుకలోకి దించాడు. ఒడ్డున మేమంతా నిలబడ్డాం. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇసుక చిమ్మి దిగబడ్డాయి. నా ముఖం వెలిగింది, పైకి మాత్రం అయ్యో అన్నాను. అతను లోపల చిన్న రాడ్డు లాగాడు. ముందు చక్రాలు ఒకసారి తడుముకుని ఇసుకను పట్టుకున్నాయి. బండి దున్నపోతు బురదలో నుంచి లేచినట్టు లేచి, మా ముందుకు వచ్చి ఆగింది. నా భార్య చప్పట్లు కొట్టింది. ఆమె చప్పట్లు ఎలా ఉంటాయో అప్పటిదాకా నాకు తెలియదు.

ఇంతలో మరదలికి విసుగు వచ్చింది. ఇంటి ముందు బట్టలారేసే చోటు లేదు, జీతంలో సగం ఇనుముకే పోతూ ఉంది. నెట్‌లో ఫోటో చూసి బెంగుళూరు నుంచి ఒకాయన కొంటానన్నాడు. అమ్మేద్దాం, మిద్దె మీద రెండు గదులు వేసుకుందాం అని ఆమె పట్టు పట్టింది. షడ్డకుడు కాదనలేకపోయాడు. నాకు ఫోను చేశాడు.

"నువ్వొచ్చి మాట్లాడన్నా. నాకు నోరు రాదు."

అతనికి అమ్మడం ఇష్టం లేదని మాటలోనే తెలుస్తూ ఉంది. నాకు మాత్రం పండగయింది. ఆఖరికి నన్ను పిలవక తప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. మంచి ధర రాబడితే పెళ్ళిళ్ళలో పదేళ్ళు చెప్పుకుంటారు. బండి కంటికి కనబడదు. ఆదివారాలు నా అంగట్లో నేను ప్రశాంతంగా కూర్చుంటాను. నా భార్య మొహం మాత్రం తలుచుకోలేదు. తెరలు బండితో పాటే పోతాయని ఆమెకు చెప్పలేదు కూడా.

బెంగుళూరు ఆయన ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. తెలుగువాడే. బండిని చూడలేదు, పక్కింటి నీళ్ళ ట్యాంకును చూశాడు. అక్కడే అర్థమైంది నాకు. నేను ధర చెప్పాను. నవ్వాడు. తలుపు కింద మిగిలిన గోరంత తుప్పు చూపించాడు. స్నేహితుడు గడియారం చూసుకుని, పదరా అని మోచెయ్యి పట్టి లాగాడు. ఇద్దరూ నడిచారు. గబగబా కాదు, మెల్లగా కాదు. మా నాయన ఉంటే ఆ నడకను మెచ్చుకునేవాడు.

ఇప్పుడు నేను ఒక్క మాట అంటే చాలు, రండి సార్, కూర్చుని మాట్లాడుకుందాం అని. వాళ్ళు గేటు చేరారు. మరదలు నన్నే చూస్తూ ఉంది. షడ్డకుడు మా ఎవరి వైపూ చూడకుండా హెడ్‌లైటు తుడుస్తున్నాడు, అప్పటికే తుడిచిన హెడ్‌లైటు.

"బావా, పిలువు. పోతా ఉండారు."

ఆ మనిషి నీలం తెరల వెనక కూర్చుని ఏదో ఒడ్డున పిట్టల్ని చూస్తూ ఉండటం కళ్ళకు కట్టింది. షడ్డకుడి దగ్గర ఉంటే ఆదివారం బస్సెక్కి పోయి కుళ్ళుకోవచ్చు. బెంగుళూరు దాకా పోయి కుళ్ళుకోవడం నా వల్ల కాదు.

"గమ్మునుండమ్మీ," అన్నాను. "నాననీ."

ఆమె విసురుగా లోపలికి పోయింది. ఎండ తగులుతుంటే నేను బండెక్కి సీట్లో కూర్చున్నాను. ఆ కిటికీలో నుంచి రోడ్డు మీది టీ అంగడి నేరుగా కనబడుతుంది. బెంగుళూరు ఆయన అక్కడే ఉన్నాడు, చేతిలో గ్లాసు, చూపు మా గేటు మీద. గ్లాసు ఖాళీ అయింది. కాసేపు ఆగి రెండోది తీసుకున్నాడు. ఆ రెండో టీ రుచి నాకు తెలుసు. జాలి వేసింది కూడా. తెర లాగేశాను. ఎక్కడా తట్టుకోకుండా సర్రున జారి మూసుకుంది. అంత బాగా బిగించాడు. అదీ నచ్చలేదు నాకు.

కాసేపటికి వాళ్ళ కారు స్టార్టయి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. షడ్డకుడు తలుపులో నుంచి తొంగి చూశాడు.

"పోయినారా అన్నా?"

"పోయినారు."

బాధపడ్డట్టు ముఖం పెట్టబోయాడు, చేత కాలేదు. బేరానికి పనికిరాని ముఖం అది.

"నీ పెండ్లాంతో ఏం సెప్తావు?" అన్నాను.

"నువ్వే సెప్పాల. బేరం నీదే కదా." తలుపు పట్టుకుని అక్కడే తచ్చాడాడు. "వదిన పిట్టలు సూడాలంటా ఉండాది. వచ్చే వారం పోదామా అన్నా, నాయుడుపేట మీద?"

ఇక్కడ నాలోని బేరగాడి రక్తం ఊరుకోలేదు. మహా అయితే గేటు దాకా నడపనిస్తాడని లెక్కవేసుకుని, అతను తగ్గించడానికి చోటు ఉంచి ఎక్కువే అడిగాను. పోయేటప్పుడు స్టీరింగు నాది, వచ్చేటప్పుడూ నాదే, ముందు సీట్లో నీ వదిన కూర్చుంటుంది, నువ్వు వెనక మంచం మీద అల్మారాలో కాళ్ళు పెట్టుకుని పడుకోవాల అన్నాను.

"సరేన్నా," అన్నాడు.

అంతే. ఒక్క మాట తగ్గించలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, హెడ్‌లైటు తుడిచే గుడ్డ జాడించడానికి కొళాయి దగ్గరికి పోయాడు. నేను తాళంచెవి వేలికి తిప్పుకుంటూ కూర్చున్నాను. ఇంకా ఎక్కువ అడిగి ఉండాల్సింది.