పోలమ్మ పట్టు

సాలూరులోని ఒక పళ్ల ఆసుపత్రిలో పోలమ్మ ఆయా. కుర్చీలో గింజుకునే పిల్లల్ని అదిమి పట్టుకోవడం పదేళ్లుగా ఆమె పని. మణికట్లు దొరకబుచ్చుకుని, మోచేత్తో గుండెల మీద ఆనిందంటే ఎంతటి గుంటడైనా కదలలేడు. భయపడే పిల్లల ముక్కుకు పెట్టే మత్తు గ్యాసు మిషను డాక్టరు కొన్నప్పుడు, "ఇదెందుకు బాబూ, పొద్దోయి ఆలీసమైపోద్ది. నానట్టుకుంతాను కదా" అంది గర్వంగా. మిషను మూలన పడింది.

పోయినసారి పోలమ్మ పట్టులోనే ఒక పన్ను తీయించుకుని, ఇప్పుడు రెండోదానికి పాచిపెంట నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల జమున, గుమ్మంలో పోలమ్మను చూస్తూనే నిలుచున్నచోటే గౌను తడుపుకుంది. డాక్టరు మూలనున్న మిషను ముందుకు లాగాడు. కాసేపటికి ఆ పిల్ల కళ్లు తెరుచుకునే, తనలో తాను నవ్వుకుంటూ ఉండగానే పన్ను ఊడొచ్చింది. పోలమ్మ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో దాచుకుంది.

మత్తు దిగాక జమున అడిగింది: "మరి అప్పుడెందుకు ఎట్టనేదు ఇది?"

డాక్టరు నోరు విప్పేలోగా పోలమ్మే చెప్పింది. "నానే వద్దన్నానమ్మా."

జమున కుర్చీ దిగింది. పోలమ్మ పక్కకు తప్పుకుని గుమ్మమంతా వదిలింది. అయినా ఆ గుంటపిల్ల అవతలి గోడకు రాసుకుంటూ బయటికి వెళ్లింది.