మేకుకు వేలాడిన కడియం

మా అయస్కాంత కేంద్రంలో పరికరం పెట్టిన గదికి ఇనుప మేకు కూడా కొట్టలేదు. భూమి అయస్కాంత బలం రోజంతా ఎలా మారుతోందో కొలిచే పరికరం అది. దగ్గరకు ఇనుము వస్తే కొలత తప్పుతుంది. ఆ గది ఊడ్చే ఆవిడ తన కాలి ఇనుప కడియాన్ని గేటు పక్క మేకుకు తగిలించి లోపలికి వెళ్లేది. సిక్కోలు వైపు నుంచి మా దీవికి వచ్చిన చేపలవాళ్ల కోడలు. దిష్టి తగలకుండా అత్తగారు తొడిగిన కడియమట.

ఒక ఉదయం ఆవిడ ఊడుస్తుండగా, ఆఫీసులో నా ముందున్న తెర మీద గీత ఒక్కసారిగా ఎగిరింది. నాకు ముక్కు మీదే కోపం. మెట్ల మీద నుంచే కేకలేశాను.

"కడియం గేటు కాడే ఉంది సాబ్. ఎల్లి సూడండి," అంది.

చూడలేదు. ఇనుము వల్ల కొలత చెడిందని రిజిస్టర్లో రాసి, పై అధికారికి ఫోన్ చేశాను. ఊడ్చేవాళ్లను పంపే కాంట్రాక్టరుకు చెబుతానన్నాడు ఆయన. తర్వాత టీకి బయటికొస్తే ఆవిడ ఇంకా ఊడుస్తూనే ఉంది. కడియం మేకుకే వేలాడుతోంది. మళ్లీ ఫోన్ చేయడానికి నామోషీ అనిపించింది.

ఆవిడ వెళ్లిపోయాక కూడా గీత సాయంత్రం దాకా మామూలు స్థాయి కంటే కిందికి దిగుతూనే ఉంది. సూర్యుడి నుంచి వీచే గాలి తన అయస్కాంత రేఖలను మోసుకొస్తుంది. అవి భూమి రేఖలకు ఎదురుగా ఉంటే, మన క్షేత్రం అంచున రెండూ తెగి ఒకదానితో ఒకటి ముడిపడతాయి, రెండు వలలు కోసి కలిపి కట్టినట్టు. అక్కడి నుంచి సూర్యుడి శక్తి లోపలికి దూరుతుంది. అదే అయస్కాంత తుఫాను. దాన్ని గుర్తుపట్టడానికే నాకు జీతమిస్తున్నారు.

మర్నాడు మిగతా కేంద్రాల గీతలూ అదే నిమిషంలో ఎగిరినట్టు తెలిసింది. రిజిస్టర్లో 'ఇనుము' కొట్టేసి 'తుఫాను' అని దిద్దాను. కొలతలు బాగా వచ్చాయని అధికారి మెచ్చుకున్నాడు. ఊడవడానికి అప్పటికే వేరే మనిషి వచ్చింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

కొన్ని నెలలకు ఊళ్లో బ్రూక్షాబాద్ రోడ్డు పక్కన ఆవిడ చేపలమ్ముతూ కనిపించింది. కాలికి కడియం లేదు.

"మీ మిషన్ బాగయిందా సాబ్? గేటు కాడున్నా నా ఇనుము వల్లే పాడయిందేమోనని, మరి తొడుక్కోనేదు."

నిజం చెప్పడానికే, చేపలు కొనే వంకతో ఆమె ముందు ఆగాను. "బాగయింది," అన్నాను.

ఆవిడ హమ్మయ్య అనుకుని, నా సంచిలో కొసరుగా ఇంకో చేప వేసింది.