మంద వచ్చిన శనివారం

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాక, పక్కింటి అమ్మాయి వచ్చి "ఆంటీ, ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోమంటారు?" అని అడిగితే, మంచినీళ్లు తాగి, రెండు రోజులు ఆలోచించి, "నీకేమిష్టం?" అని తిరిగి అడుగుతున్నాను. ఆ రోజుల్లో అయితే అడక్కముందే చెప్పేసేదాన్ని. బస్సులో పక్క సీటులో కూర్చున్న పాపానికి ఒక ఇంటర్ కుర్రాడికి జీవితంలో పైకి రావడం ఎలాగో వివరించి, వాడు దిగాల్సిన స్టాపు దాటించిన చరిత్ర నాది. (కంభంలో దిగాల్సినవాడు గిద్దలూరులో దిగి, నాకు థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు.) అలాంటి నన్ను ఏరికోరి పిలిచి, పిల్లలకు దారి చూపించే ఉద్యోగం ఇచ్చారంటే ఇక చూసుకోండి.

గిద్దలూరు బజారులో మా అబ్బాకు గాజుల దుకాణం. బీఎడ్ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న నన్ను చూసినప్పుడల్లా "ఉద్యోగం వచ్చేదాకా దుకాణంలో కూర్చో బేటీ, గాజులు తొడగడం కూడా ఒక విద్యే" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. సరిగ్గా అప్పుడే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు రాచర్ల వైపు ఒక హైస్కూల్లో, ప్రతి శనివారం రెండు పీరియడ్లు, తొమ్మిది పది తరగతుల పిల్లలకు మంచి నడవడిక గురించీ, ముందు ముందు చేయబోయే పనుల గురించీ చెప్పడానికి నన్ను తీసుకున్నారు. ఒంగోలులో మూడు రోజులు శిక్షణ. చివరి రోజున యాభై కథల పుస్తకమొకటీ, ఒక ల్యాప్‌టాప్ బ్యాగూ ఇచ్చారు. ల్యాప్‌టాప్ ఇవ్వలేదు. అయినా ఏం, అందులో టిఫిన్ డబ్బా పెట్టుకుని భుజాన తగిలించుకుని రాచర్ల ఆటో ఎక్కితే, డ్రైవరన్న నాకోసం వెనక సీటులో ఇద్దరిని సర్దుకోమనేవాడు. ఆ మర్యాదకే నేను సగం పడిపోయాను.

ఆ పుస్తకంలో కథలన్నీ ఒకే తీరు. నాయకుడు పేదవాడు, కష్టపడతాడు, అందరూ నవ్వుతారు, ఇంకా కష్టపడతాడు, చివరికి కారు కొంటాడు. నేను బల్ల ముందు నిలబడి, చేతులు తిప్పుతూ, గొంతు పెంచుతూ తగ్గిస్తూ చెప్పేదాన్ని. మూడో శనివారానికే ముందు బెంచీలో ఒకడు లేచి "మేడం, ఈయన కూడా కారు కొంటాడా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. "క్రమశిక్షణ!" అని బల్ల గుద్దాను. (ఆయన నిజంగానే కొన్నాడు. ఆ రోజు ఆ ముక్క చెప్పకుండా గంట కొట్టేదాకా లాగడానికి నేను పడిన పాట్లు పగవాళ్లకు కూడా వద్దు.)

చివరి వరసలో ఒక పిల్ల ఉండేది. పదో తరగతి. పిల్లలందరూ గువ్వ అని పిలిచేవాళ్లు, ఒదిగి కూర్చునేది కాబట్టి. హాజరు పిలిస్తే చెయ్యెత్తేదే తప్ప నోరు తెరిచేది కాదు. 'నా లక్ష్యం' అని చార్టులు రాయించిన రోజున క్లాసులో పద్నాలుగు మంది డాక్టర్లు, తొమ్మిది మంది కలెక్టర్లు, మిగిలినవాళ్లంతా ఇంజినీర్లు అయిపోయారు. గువ్వ చార్టు మాత్రం తెల్లగా ఉంది. "ఏమైందమ్మా?" అంటే తల దించుకుని "నాకేం రాదు మేడం" అంది. నాకు జాలి పొంగుకొచ్చింది. జాలిపడ్డదాన్ని అక్కడితో ఆగొచ్చు కదా, ఆగలేదు. నేనే స్కెచ్ పెన్ను తీసి పెద్ద అక్షరాలతో 'టీచర్' అని రాసేసి, కింద పువ్వు బొమ్మ కూడా వేశాను. ఒక జీవితాన్ని నిలబెట్టానన్న తృప్తితో ఆ పూట ఆటోలో పాట కూడా పాడుకున్నాను.

ఆరు నెలలయ్యాక హెడ్మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు. మంచి మనిషి, కానీ పదో తరగతి ఫలితాలు తప్ప ఆయనకు వేరే దిగులు లేదు. "చూడండి మేడం, మీ కథలతో పిల్లలకు మార్కులు రావు. ఇంకో రెండు వారాలకు, శనివారం పూట, మీ సంస్థ నుంచి పెద్ద మేడం వస్తాండాదంట కదా. ఆమె ముందర మీ క్లాసు బాగుంటే ఉంచుకుందాం. లేదంటే ఆ రెండు పీరియడ్లు లెక్కలకు ఇచ్చేస్తా" అన్నారు. క్లాసు పోతే ఉద్యోగమూ పోతుంది. నా కళ్ల ముందు వరసగా గాజుల పెట్టెలు కనిపించాయి.

పుస్తకం చివర ఒక పద్ధతి ఉంది. తమ పనిలో గట్టివాళ్లను పిలిచి, పిల్లలకు వాళ్ల కథ వాళ్ల నోటితోనే చెప్పించాలి. గిద్దలూరులో మాకు తెలిసిన ఒక బ్యాంకు మేనేజరును బతిమాలి ఒప్పించాను. (ఆయనకు కారు ఉంది.) పద్ధతి ప్రకారం పిల్లలతో కూడా "మీకు తెలిసిన గట్టివాళ్లు ఎవరైనా ఉంటే పిలుచుకుని రండి, వచ్చే శనివారం పది గంటలకు" అన్నాను. ఎవరూ తీసుకురారని నాకు గట్టి నమ్మకం. క్లాసయ్యాక గువ్వ నా వెనకాలే వచ్చింది.

"మేడం, మా తాత వస్తాడంట. పిలవమంటారా?"

"ఏం చేస్తాడు మీ తాత?"

"గొర్లు కాస్తాడు."

బ్యాంకు మేనేజరు పక్కన గొర్రెల తాతను ఊహించుకుని ఒక్క క్షణం తటపటాయించాను. కానీ ఆరు నెలల్లో ఆ పిల్ల తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. "పిలువు" అన్నాను. పోతూ పోతూ మళ్లీ వెనక్కి తిరిగి, "పది గంటలకంటే మంద మేపులో ఉంటాది మేడం. వదిలిపెట్టి వచ్చేదానికి లేదు. ఎట్ల?" అంది. గొర్రెల కాపరికి శనివారం ఆదివారం ఉండవనీ, తాత రావాలంటే మందను ఎవరో ఒకరు చూసుకోవాలనీ బజారులో పుట్టిపెరిగిన నాకు ఎలా తెలుస్తుంది? తెలియకపోతే అడగాలి. నేను అడగలేదు. గొంతు సవరించుకుని, "సమస్యకు పరిష్కారం మనమే వెతుక్కోవాలి. పోయిన వారం కథలో చెప్పానా లేదా?" అన్నాను. గువ్వ బుద్ధిగా తలూపింది.

శనివారం పొద్దున్నే వరండా అంతా దారం కట్టి చార్టులు వేలాడదీశాను. తొమ్మిదిన్నరకు బ్యాంకు నుంచి ఫోను, ఆడిట్ వాళ్లు వచ్చారు, మేనేజరు గారు రాలేరు అని. పది గంటలకు పెద్ద మేడం జీపు గేటు ముందు ఆగింది. ఆమె దిగుదామని తలుపు తీసింది గానీ దిగలేకపోయింది. జీపు చుట్టూ గొర్రెలు. గేటులోంచి గొర్రెలు. స్కూలు మైదానం నిండా గొర్రెలు. వాటి మధ్యలో తలపాగా, భుజాన కంబళి, చేతిలో కట్టెతో ఒక ముసలాయన, పక్కనే యూనిఫాంలో గువ్వ. నన్ను చూసి గువ్వ ముఖం వెలిగిపోయింది. "పరిష్కారం వెతుక్కున్నాం మేడం! మందతో పాటే వచ్చేసినాం!" అని అరిచింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. గువ్వకు మామ వరసయ్యే ఇంకో కాపరి (ఊళ్లో అందరూ ఆయన్ను కోపాల మామ అంటారు) తన మందను తోలుకుని అదే దారిన పోతూ, స్కూల్లో ఏం జరుగుతోందో చూద్దామని గేటు దగ్గర ఆగాడు. ఆయన ఆగాడు గానీ ఆయన గొర్రెలు ఆగలేదు. రెండు నిమిషాల్లో రెండు మందలూ కలిసిపోయాయి. మందలో గొర్రెలతో పాటు నాలుగు మేకలు కూడా ఉంటాయని ఆ రోజే తెలిసింది. అందులో ఒకటి వరండా ఎక్కి, నా కళ్ల ముందే ఇద్దరు కలెక్టర్లనూ ఒక డాక్టరునూ నమిలి మింగేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు గారు "ఏంది మేడం ఇది? ఏంది?" అని అడుగుతూనే ఉన్నారు. కోపాల మామ "ఏం తాతా, ఇంత వయసొచ్చినాది, మందను బడికి తోల్తారా ఎవరన్నా? నా గొర్లు నాకు ఎట్ల తేలాల ఇప్పుడు?" అని గేటు పట్టుకుని అరుస్తున్నాడు. పెద్ద మేడం జీపులోంచి తల బయటపెట్టి "ఇది మీ ప్రోగ్రామా?" అని నన్ను అడిగింది. అవునంటే ఒక తంటా, కాదంటే ఒక తంటా. నేను నవ్వాను. ఏడ్చే ముందు మనిషి నవ్వే నవ్వు అది.

హెడ్మాస్టరు గారు లెక్కల సారును పిలిచి గొర్రెలను లెక్కబెట్టి పంచమన్నారు. లెక్కల సారు పదిహేడు దాకా వచ్చేసరికి మొదటి మూడూ నడిచి వెనక్కి పోయాయి. అప్పుడు తాత నెమ్మదిగా, "సారూ, లెక్కబెడితే తేలవు. మామా, నువ్వు ఆ గేటు అవతల నిలబడు. అరవొద్దు. బిడ్డా, నువ్వు ఇవతల గోడకాడికి పో. పిలువు" అన్నాడు.

గువ్వ వెళ్లి గోడ దగ్గర నిలబడింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి, నాలుక మడిచి, గొంతు లోతుల్లోంచి ఒక కేక వేసింది. నిజం చెబుతున్నాను, నా ఒళ్లు జలదరించింది. హాజరుకు కూడా పలకని పిల్ల ఆమె. ఆ కేకకు మైదానంలో గొర్రెలన్నీ ఒక్కసారి తలెత్తాయి. అవతల నుంచి మామ తన కేక తాను వేశాడు. ఇక చూడాలి, ఎవరూ ముట్టకుండా, ఎవరూ కట్టె ఎత్తకుండా, మంద మధ్యలో చీలింది. ఇవి ఇటు, అవి అటు. మైదానం నడుమ మట్టి దారి తేలింది. రెండు గొర్రెపిల్లలు మాత్రం ఎటూ తోచక అక్కడే నిలబడిపోతే, గువ్వ వెళ్లి ఒకదాన్ని ఎత్తుకుని "ఇది మాది కాదు మామా, దీని తల్లికి ఎడమ చెవి చీలి ఉంటాది, అదిగో" అని అందించింది. మామ చూశాడు. గొర్రెపిల్లను అందుకుని చంకన పెట్టుకున్నాడు. పిల్లలందరూ "గువ్వా! గువ్వా!" అని గోల. పెద్ద మేడం జీపు దిగి, చెప్పుల కింద ఏముందో కూడా చూసుకోకుండా వచ్చి తాత ముందు నిలబడి, "ఇది ఎట్లా నేర్పారు?" అని అడిగింది.

తాత గోడ నీడన కూర్చున్నాడు. పిల్లలు చుట్టూ మట్టిలోనే కూర్చున్నారు. "నేర్పిందేమి లేదమ్మా. నా పదేళ్లప్పుడు మా నాయన నాకు మందను ఇచ్చినాడు. నాకు పొగరు. కట్టె ఊపుకుంటా, పాట పాడుకుంటా ముందర నడిచినాను. నల్లమల దాపున ఒక కుంటి గొర్రె వెనకబడిపోయినాది. నేను చూడలేదు. మళ్లీ అది కనపడలేదు. ఇంటికి పోయి నిజం చెప్పినాను. మా నాయన కొట్టలేదు. రేపట్నుంచి వెనక నడువు అన్నాడు, అంతే. ఏడాది వెనకనే నడిచినాను. ఏది కుంటుతాది, ఏది మేయడం లేదు, ఏది బెదురుతాది, వెనక నడిచేవానికే కదమ్మా కనపడేది. ఈ పిల్లకు కూడా అంతే. మూడేళ్లు, బడి లేని పూటల్లా నా మంద వెనకాల నడిచినాది."

తాత ఆ మాటలు నన్ను చూసి అనలేదు. అయినా నా ముఖం ఎర్రబడింది. ఆరు నెలలుగా బల్ల ముందు నిలబడి కట్టె ఊపుకుంటూ పాట పాడిన మనిషిని నేనే కదా. వెనక వరసలో ఎవరు కుంటుతున్నారో ఎప్పుడు చూశాను గనక?

పెద్ద మేడం గువ్వ భుజం మీద చెయ్యి వేసి, పదో తరగతి అయ్యాక పశువుల వైద్యానికి సంబంధించిన రెండేళ్ల పాలిటెక్నిక్ చదువు ఉంటుందని చెప్పింది. నాకు ఆ చదువు ఉందనే తెలియదు. (అన్నీ తెలిసిన నాకు!) తాత కట్టె పక్కన పెట్టి, "అది చదివితే సూది మందు ఈ పిల్లే వేస్తాదా?" అని అడిగాడు. వేస్తుందంటే, "అట్లయితే చదవనీ. మాకు డాక్టరు దొరికేసరికి గొర్రె చచ్చిపోతాంది" అన్నాడు. గువ్వ నా దగ్గరికి వచ్చి, "మేడం, నా చార్టు మారుస్తారా?" అంది. స్కెచ్ పెన్ను ఆమె చేతికే ఇచ్చాను.

వెళ్లబోయే ముందు పెద్ద మేడం హెడ్మాస్టరు గారిని అడిగింది, క్లాసు ఉంచుతారా అని. ఆయన అప్పటికే తాత దగ్గర కూర్చుని, తమ ఇంట్లో ఆవు మేత తినడం లేదని చెప్పుకుంటున్నారు. తల ఎత్తి "ఉంచుదాం మేడం. కానీ ఆ కార్ల పుస్తకం వద్దు. వారానికొకరు ఇట్లాంటోళ్లు రావాల" అన్నారు. ఆ మాటకు పిల్లలు వేసిన కేకలకు ఈసారి రెండు మందలూ బెదిరి తలో దారిన పరిగెత్తాయి. ఆ తర్వాత వరసగా మార్కాపురం నుంచి పలకలు కోసే అక్క, బస్సు కండక్టరు, ఆసుపత్రి నర్సమ్మ అందరూ వచ్చారు. గాజులు పగలకుండా, చెయ్యి నొప్పి పుట్టకుండా ఎలా తొడగాలో చెప్పడానికి మా అబ్బా కూడా వచ్చాడు, కొత్త చొక్కా వేసుకుని. నేను మాత్రం ఆ శనివారాలన్నీ వెనక బెంచీలో కూర్చున్నాను. గువ్వ ఇప్పుడు దర్శి దగ్గర ఒక ఊరి పశువుల ఆసుపత్రిలో పనిచేస్తోంది.

ఇన్నేళ్లలో ఎంతోమంది పిల్లలను చూశాను. తొందరపడి ఎవరికీ ఏమీ రాసి ఇవ్వలేదు. అయినా అప్పుడప్పుడూ ఖాళీ ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని, ప్రపంచమంతా నా మాట కోసమే ఎదురుచూస్తోందని నమ్మి ఆటో దిగిన ఆ పిల్ల గుర్తొస్తుంది. సిగ్గుపడదామనుకుంటాను. పడలేను. అంత తప్పు మాటను అంత ధైర్యంగా చెప్పడం మళ్లీ ఎప్పుడూ నా వల్ల కాలేదు.