బ్రేకుల మీద ప్రార్థన నూనె

మొన్న ఆదివారం మా చర్చిలో ఎవరికోసమో ప్రార్థన చేయడానికి నూనె సీసా మూత తీశారు. ఆ ఒలీవ నూనె వాసన తగలగానే నాకు దేవుడికంటే ముందు సైకిల్ బ్రేకులు గుర్తొచ్చాయి. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. పక్కన సుగుణ టీచర్ ఉండి ఉంటే మోచేత్తో ఒక్కటి పొడిచేది. ఆమె పోయి ఏడాది దాటింది. మచ్చ బొల్లారంలో మా వీధి చివరి ఇల్లు ఆమెది. జీవితమంతా సర్కారు బడిలో డ్రిల్లు టీచరుగా చేసి, రిటైరయ్యాక కూడా మెడలో విజిల్ వేసుకునే కూరగాయలకు వెళ్లిన మనిషి.

నలభై దాటాక నేను సైకిల్ ఎక్కింది ఆమె పోరు పడలేకే. మొదట కౌకూర్ దాకా, తర్వాత షామీర్‌పేట చెరువు దాకా. చివరికి, తెల్లవారుజామున మేడ్చల్‌లో బయలుదేరి కామారెడ్డి దాటి వెళ్లి, చీకటి పడే వేళకు తిరిగి రావాల్సిన రెండు వందల కిలోమీటర్ల రైడుకి పేరిచ్చాను. ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. మా ఆయనైతే, మధ్యలో ఆగిపోతే కారు ఎక్కడికి తేవాలో రోజూ అడిగేవాడు. నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం లేదు. ఇంకాస్త తొక్కితే ధైర్యం వస్తుందేమోనని ఆ ఆఖరి వారం పొద్దున్నే సైకిల్ బయటికి తీశాను. టీచర్ గేటు దగ్గరే హ్యాండిల్ పట్టుకుంది.

"యాడికి?"

"కొంపల్లి దాకా పోయొస్త టీచర్."

"పరీక్ష ముంగట పిల్లలు గిట్లనే పరేషాన్ అయితరు. ఇగ కొత్తగ వచ్చే బలమేం లేదు, ఉన్నది దాచుకో. దా, చిక్కుడుకాయలు ఒలుద్దాం."

అలా తన వరండాలో కూర్చోబెట్టి నాతో చిక్కుడుకాయలు ఒలిపించింది, చింతపండు గింజలు తీయించింది. కాళ్లను ఊరికే ఉంచడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది.

ఈలోగా సంగతి చర్చి అక్కలకు తెలిసి, మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. సైకిల్‌ను హాలు మధ్యలో నిలబెట్టి, తలా ఒక చెయ్యి వేసి, ప్రార్థన నూనె రాశారు. హ్యాండిల్‌కి, సీటుకి రాసి ఊరుకుంటే బాగుండేది. ప్రేమ ఎక్కువై చక్రాల అంచు చుట్టూ కూడా పట్టించారు. మర్నాడు, కాళ్లు బిగుసుకోకుండా కాస్త తిప్పుకు రమ్మని టీచరే పంపింది. కౌకూర్ దిగుడులో బ్రేకు నొక్కితే చక్రం ఆగనే లేదు. చెప్పులు రోడ్డుకు రాస్తూ, ఎవరో ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్పలోకి పోనిచ్చి బతికిపోయాను. ఏడుస్తూ సైకిల్ నడిపించుకుంటూ టీచర్ ఇంటికి వచ్చాను.

"నేను పోను టీచర్. దేవుడే వద్దంటుండు."

ఆమె చక్రం అంచు మీద వేలు పెట్టి రుద్ది, వాసన చూసింది.

"దేవుడు గాదే, నూనె!"

పడీ పడీ నవ్వింది. ఏడుపులోనే నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కలిసి సబ్బునీళ్లతో చక్రాలు కడిగి, బ్రేకు రబ్బర్లు ఊడదీసి గరుకు కాగితంతో రుద్దాం. తర్వాత అదే దిగుడులో ఆమె స్కూటర్ మీద నా వెనకే వచ్చింది. విజిల్ ఊదినప్పుడల్లా నేను ఆగాలి. నాకు దిగుడంటే భయం పోయేదాకా ఊదుతూనే ఉంది.

రైడుకు ముందురోజు సాయంత్రం పాస్టరయ్యగారు మా ఇంటికి వచ్చారు. టీచరుతో సహా అందరం కళ్లు మూసుకున్నాం. "ప్రభువా, బలహీనురాలైన ఈ నీ కుమార్తెను..." అని ఆయన మొదలుపెట్టారో లేదో, టీచర్ గొంతు అడ్డొచ్చింది.

"అయ్యగారూ, జర ఆగుండ్రి. బలహీనురాలు గాదు. వానల తొక్కింది, ఎండల తొక్కింది, నేను జూసిన. ముందుగాల గది జెప్పుండ్రి దేవునికి. అడుగుడు తర్వాత."

ప్రార్థన మధ్యలో అయ్యగారిని ఆపిన మనిషిని మా చర్చిలో ఎవరూ చూసి ఉండరు. ఆయన మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. "ప్రభువా, కష్టపడి తయారైన నీ కుమార్తె కరుణ..." ఆ మాట వినగానే నా వెన్ను దానంతటదే నిటారైంది. నా మీద నాకు అంత గర్వంగా అంతకుముందెన్నడూ అనిపించలేదు. మర్నాడు పొద్దు గూకుతుండగా రైడు పూర్తిచేసి మేడ్చల్ చేరాను. చేరగలనని నమ్మింది మాత్రం ముందురోజు ప్రార్థన జరిగిన ఆ సాయంత్రమే.

ఇప్పుడు ఎవరికోసమైనా ప్రార్థించే వంతు నాకొస్తే, ఆ మనిషి అప్పటికే చేసిన పని ముందు చెబుతాను. లెక్కల్లో తప్పిన మా చెల్లెలి కూతురు ఈ మధ్యే మళ్లీ పరీక్షకు బయలుదేరింది. దాని తల మీద చెయ్యి వేసి, "ప్రభువా, ఈ పిల్ల రోజూ తెల్లారకముందే లేచి చదివింది, నేను జూసిన" అన్నాను. కళ్లు మూసుకుని ఉండాల్సిన పిల్ల, తలెత్తి నన్నే చూస్తోంది.