బద్రియా బండి విప్పిన నాలుగు రోజులు

ఉప్పునీళ్ళ ఏడాది వేసవి దాకా జాసిబ్‌కి రెండు కళ్ళూ నిక్షేపంగా ఉండేవి. మా ఊరు అబుల్ ఖసీబ్ నుంచి పట్నంలోని అషార్ బజారుకి పదకొండు సీట్ల వ్యాను ఇరవై రెండేళ్ళు తోలాడాయన. పెద్ద కూతురు కిఫా పుట్టిన దగ్గర్నుంచీ ఊళ్ళో అందరూ ఆయన్ని అబూ కిఫా అనీ, అంటే కిఫా నాన్న అనీ, భార్య బద్రియాని ఉమ్ కిఫా అనీ పిలిచేవారు. కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయి నాసిరియా వెళ్ళిపోయాక ఆ ఇంట్లో వీళ్ళిద్దరే మిగిలారు. వాళ్ళ వాకిలికీ మా వాకిలికీ మధ్య ఒక్క గోడ. పొద్దున్నే బండికి నీళ్ళు పోస్తూ ఆయన ఇంజనుతో కబుర్లాడడం నేను రోజూ వినేదాన్ని.

ఆ ఏడాది సముద్రం నదిలోకి ఎగదన్నింది. కుళాయి తిప్పితే ఉప్పు. పాలు కాస్తే విరిగిపోయేవి, స్నానం చేస్తే ఒళ్ళు దురద పెట్టేది. మంచినీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు క్యాన్ల కోసం కొట్టుకునేవాళ్ళం. జాసిబ్ అంతకు ముందెప్పుడూ ఇంజనులో మంచినీళ్ళు తప్ప పోసి ఎరగడు. ఆ వేసవిలో మాత్రం దొరికిన నాలుగు క్యాన్లూ ఇంట్లో తాగడానికి ఉంచి, బండికి కుళాయి నీళ్ళు పోశాడు. "రెండు నెలలు ఓర్చుకోవే తల్లీ" అని దానికి చెప్పడం గోడ ఇవతల నుంచి విన్నాను.

అది ఓర్చుకోలేదు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, వంతెన ఎక్కబోతుండగా వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. జాసిబ్ బండి పక్కకి తీశాడు.

"నీ బండి కన్నా మా మామ గాడిద నయం అబూ కిఫా. అదీ మధ్యలో ఆగుతుంది కానీ పొగ వదలదు" అన్నాడు వెనక సీట్లో ఒకడు.

అందరూ నవ్వారు, జాసిబ్ కూడా నవ్వాడు. ముందు సీట్లో ఒక తల్లి మాత్రం నవ్వలేదు. జ్వరంతో కాలిపోతున్న పిల్లని ఒళ్ళో వేసుకుని ఆస్పత్రికి పోతోంది. మాటిమాటికీ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసుకుంటోంది. ఇంజను చల్లారేదాకా, రేడియేటరు మూత తీయడానికి అరగంట ఆగాలని జాసిబ్‌కి తెలియక కాదు. కొత్తగా బండెక్కిన ప్రతి డ్రైవరుకీ ఆయనే చెప్పేవాడు ఆ మాట. కానీ ఆ తల్లిని చూస్తూ ఆగలేకపోయాడు. తువ్వాలు తడిపి, మడత పెట్టి, రేడియేటరు మూత తిప్పాడు.

మరుగుతున్న ఉప్పునీళ్ళు ముఖాన కొట్టాయి. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి వెలుతురుందో చీకటుందో తప్ప ఇంకేమీ తెలియదు. చర్మం మానడానికి మూడు నెలలు పట్టింది. బండిని ఎవరో లాక్కొచ్చి వాకిట్లో పెట్టి, పైన పట్టా కప్పి పోయారు.

చలికాలంలో కిఫా మొగుడు ఒక కబురు తెచ్చాడు. తెహ్రాన్‌లో ఒక కంటి డాక్టరు ఉన్నాడట, చనిపోయినవాళ్ళ కంటిపొర తీసి అతికిస్తాడట, కుడి కన్ను రావచ్చట. వెళ్ళాలంటే బండి అమ్మాలి. బద్రియా ఆ మాట ఎత్తగానే జాసిబ్ ఒక్కటే అన్నాడు. "చూపొచ్చాక నేను తోలడానికి బండి ఉండొద్దా?"

ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆయనకి చెప్పకుండానే, అదే దారిలో బండి తోలే మిజ్‌హిర్‌ని కలిసింది. "గంటసేపు తిప్పినా వేడెక్కకపోతే తీసుకుంటాను. చచ్చిన ఇంజనుకి మాత్రం డబ్బివ్వను" అన్నాడతను. మెకానిక్‌ని పిలిచే స్తోమత లేదు. ఉన్నది సామాను కొనడానికే సరిపోయింది. ఇంటికొచ్చి మొగుడితో, "వాకిట్లో తుప్పు పట్టిపోతోంది, బాగు చేసుకుందాం. నువ్వు చెప్పు, నేను విప్పుతాను" అంది.

"నువ్వా?" అన్నాడు జాసిబ్. "ఖర్జూరాలు ఏరే ఫ్యాక్టరీ అనుకున్నావా ఇది?"

"ఖర్జూరాలు పదేళ్ళు ఏరాను. నీ ఇంజనులో అన్ని నట్లుండవులే."

మర్నాడు జాసిబ్ చాలా రోజుల తర్వాత గడ్డం గీయించుకుని వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. ఆమె బజారు నుంచి తెచ్చిన సామాను ఒక్కొక్కటే చేతుల్లోకి తీసుకుని తడిమాడు. రేడియేటరు రెక్కలు వేలితో మీటి చూశాడు. వాటర్ పంపు చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బెల్టు దగ్గరికి వచ్చేసరికి దాన్ని వెనక్కి వంచి, వాసన చూసి, ఆమె ఒళ్ళోకి విసిరాడు.

"ఎండలో వేలాడేసిన సరుకు. పగుళ్ళు చూడు. గుడ్డివాడి పెళ్ళామని నీకు అంటగట్టాడు. పోయి మార్చుకురా."

ఆమె రెండు బస్సులు మారి వెళ్ళి మార్చుకొచ్చింది.

విప్పడం మొదలుపెట్టారు. ముందు చక్రాల కింద దుంగలు పెట్టి బద్రియా బండి కిందికి దూరింది. కింది బిరడా తీయగానే ఇటుకరంగు నీళ్ళు బేసినులోకి కారాయి. పాత రేడియేటరు బయటికి లాగితే దాని గొట్టాల నిండా తెల్లటి ఉప్పు గడ్డకట్టి ఉంది. జాసిబ్ గోటితో గీరి నాలిక మీద వేసుకున్నాడు.

"రేడియేటరు కాదే ఇది, ఊరగాయ జాడీ. నేనే ఊరబెట్టాను" అన్నాడు. ఆమె బండి కింద నుంచి బేసిను ఇవతలికి తోసింది.

పంపు బోల్టుల్లో ఒకటి కదల్లేదు. రోజంతా డీజిల్ పోసి నానబెట్టారు. పాత పైపు క్లిప్పు జారి ఆమె బొటనవేలు చీరుకుంది. రక్తం వస్తోందని ఆయనకి చెప్పలేదు. పాత గ్యాస్కెట్ అట్టముక్క ఇనుముకి అంటుకుపోతే కూరగాయల కత్తితో గీకింది. ఆమె గీకిన ప్రతిచోటా ఆయన వేలితో రాసి చూసి, "ఇంకా గరుకుగా ఉంది. ఇక్కడ కారుతుంది" అని మళ్ళీ గీకించాడు.

బెల్టు ఏ కప్పీ మీది నుంచి ఏ కప్పీ కిందికి పోవాలో ఆమెకి అంతుబట్టలేదు. ఆయన పళ్ళెంలో అయిదు టీ గ్లాసులు బోర్లించమన్నాడు. తడుముకుంటూ వాటిని జరిపి, వాటి చుట్టూ ఒక తాడు తిప్పి చూపించాడు. "ఇది కింది పెద్ద చక్రం, ఇది పంపు. పంపు మీద బెల్టు వీపు ఆనాలి, పళ్ళు కాదు. తప్పు తిప్పావంటే పంపు వెనక్కి తిరుగుతుంది." ఆ పూట ఆయన చాలా ఉషారుగా ఉన్నాడు. మా ఇంటాయన్ని పిలిచి టీ ఇప్పించాడు, డ్రైవర్ల మీద మోటు జోకులు వేశాడు. "ఎక్కడైనా అప్పు పుట్టి వేసవికి కన్ను వచ్చేస్తే సీట్లకి కొత్త రెక్సిను వేయిస్తాను" అన్నాడు. బద్రియా గ్లాసులు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మూడో రోజున థర్మోస్టాట్ బిగించే ముందు పరీక్ష చేయాలన్నాడు. టీ గ్లాసు అడుగంత ఇత్తడి బిళ్ళ అది. నీళ్ళు కాగితే తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. ఆమె గిన్నెలో నీళ్ళు మరిగించి బిళ్ళ వేసి వాకిట్లోకి తెచ్చింది. ఆవిరి శబ్దం వినగానే జాసిబ్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు. కుర్చీ పడిపోయింది. లేవదీయబోతే, "నా దగ్గరికి తేకు, నా దగ్గరికి తేకు" అంటూ పాక్కుంటూ గదిలోకి పోయాడు. సాయంత్రం దాకా బయటికి రాలేదు. బిళ్ళ తెరుచుకున్న సంగతి ఆమె తలుపు అవతల నుంచి చెప్పింది.

నాలుగో రోజు మా ఇంటాయన తన కారు బ్యాటరీ తెచ్చి తగిలించాడు. రేడియేటర్లో కూలెంటూ, తాగడానికి దాచుకున్న మంచినీళ్ళూ పోశారు. లోపలి గాలి పోవాలంటే మూత తెరిచే ఉంచి ఇంజను నడపాలి. అది జాసిబ్‌కి తెలుసు. ఆయన గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"చల్లగానే ఉందా?"

"చల్లగానే ఉంది అబూ కిఫా. నా చెయ్యి దాని మీదే ఉంది."

"ముఖం పక్కకి పెట్టుకో. తల వంచకు."

ఇంజను దగ్గి, అందుకుంది. బెల్టు కీచుమంది. ఆయన చెవి ఒగ్గాడు. "వదులుగా ఉంది. ఇంజను ఆపి ఇంకొంచెం బిగించు. బొటనవేలితో నొక్కితే వేలెడు దిగకూడదు." ఆమె బిగించి మళ్ళీ తిప్పింది. ఈసారి కీచుమనలేదు. నీళ్ళలో బుడగలు లేచాయి, కాసేపటికి ఆగాయి. పై పైపు వేడెక్కిందని ఆమె చెప్పింది.

"అయితే మూసెయ్. ఇంక ముట్టుకోకు."

గంటసేపు నడిచింది. ముల్లు మధ్యలోనే నిలిచింది. జాసిబ్ తడుముకుంటూ వచ్చి డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుని, స్టీరింగు పట్టుకుని, అషార్ దారిలో వచ్చే స్టాపుల పేర్లు కేకేశాడు. "హమ్‌దాన్... ముహైజరాన్... బరాదియా..." గోడ ఇవతల నేను కళ్ళు తుడుచుకున్నాను. బద్రియా ఆయన పక్కన నిలబడి, అన్ని పేర్లూ అయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"మిజ్‌హిర్ రేపు వచ్చి తీసుకెళ్తాడు."

ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన స్టీరింగు వదలకుండానే అడిగాడు. "ముందే చెబితే నేను చెయ్యననుకున్నావా?"

"అవును."

"చేసేవాణ్ణి." తడుముకుంటూ తాళం పట్టుకున్నాడు. "ఏమో. చేసేవాణ్ణి కాదేమో." తాళం ఆయనే తిప్పి ఇంజను ఆపేశాడు.

మర్నాడు మిజ్‌హిర్ వచ్చినప్పుడు జాసిబ్ గదిలోంచి రాలేదు. వసంతంలో ఇద్దరూ తెహ్రాన్ వెళ్ళారు. డాక్టరు రెండు రోజులు పరీక్షలు చేసి, కంటి పైభాగమంతా కాలి మచ్చకట్టిందనీ, ఏ పొర అతికించినా నిలవదనీ చెప్పాడట. తొమ్మిదో రోజుకి తిరిగొచ్చేశారు. రంజాను నెల మొత్తం ఆయన భార్యతో మాట్లాడలేదు. తర్వాత అవసరానికి రెండు మాటలు మాట్లాడడం మొదలుపెట్టాడు, అంతే. నాలుగేళ్ళకి గుండెపోటుతో పోయాడు.

బద్రియా ఇప్పుడు బడిలో గదులు ఊడుస్తుంది. మొన్న శుక్రవారం బియ్యం ఏరుతూ మా వాకిట్లో కూర్చున్నప్పుడు, నేను అడక్కుండానే ఆ బండి సంగతి ఎత్తింది.

"చెప్పకుండా అమ్మినందుకు కాదు నా బాధ. కంటి కోసం అమ్మాను, దానికేం. ఆ నాలుగు రోజులూ ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో నువ్వూ చూశావుగా. అది పక్కనే ఉండి చూస్తూ కూడా నోరు మూసుకున్నాను."

ఆమె చాటలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసి, మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.